నౌరూను చూసి నవ్వొద్దు!

2024 పారిస్ ఒలింపిక్స్‌కు నౌరూ దేశం నుంచి వెళ్లిన క్రీడాకారుడు ఒక్కడంటే ఒక్కడు. విన్‌జార్ కకియోవియా అనే ఆ కుర్రాడు వంద మీటర్ల పరుగులో ప్రాథమిక రౌండు దాటలేదు. దాంతో ఆ దేశం పోటీ ముగిసిపోయింది. ఇలాంటి జట్లు ప్రారంభోత్సవంలో జెండా ఊపుతూ కనబడినప్పుడల్లా టీవీల ముందు ఓ నవ్వు వినబడుతుంది. ‘వీళ్లెందుకొచ్చినట్టు? ఊరు చూసి పోదామనా?’ అని. తెలియక అనే మాటే అయినా, అనకూడని మాట.

నౌరూ అంటే పసిఫిక్ సముద్రంలో ఒకే ఒక్క దీవి. విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. తీరం వెంబడి దీవిని చుట్టి వచ్చే రోడ్డు సుమారు 19 కిలోమీటర్లు. జనం పన్నెండు వేలకు అటూ ఇటూ. మన దగ్గర మేజర్ పంచాయతీ ఒకటి అంతకన్నా పెద్దదే ఉంటుంది. ఈ దీవి నడిబొడ్డున ఫాస్ఫేటు దొరకడం దాని అదృష్టమో, ఖర్మమో చెప్పడం కష్టం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మొదలైన తవ్వకాల్లో ఆ మట్టి ఓడలకెక్కి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు ఎరువైంది. దీవిలో మిగిలింది బోడి సున్నపురాతి మొనలు. 1968 జనవరి 31న స్వాతంత్య్రం వచ్చాక కొన్నాళ్లు ఫాస్ఫేటు డబ్బు పారింది. నిల్వలు అడుగంటాక అదీ పోయింది. మధ్యభాగం పనికిరాకుండా పోవడంతో జనమంతా తీరం పట్టీ మీదే సర్దుకుని బతుకుతున్నారు.

ఈ దేశానికి అంగం దినం అని ఓ పండగుంది. అక్టోబరు 26న చేస్తారు. దేవుడి పండగ కాదు, తలలు లెక్కపెట్టుకునే పండగ! రోగాలకు జనం రాలిపోతున్న రోజుల్లో, కనీసం 1,500 మంది ఉంటే తప్ప ఈ జాతి నిలవదని లెక్క వేశారు. 1932లో ఆ రోజున పుట్టిన బిడ్డతో ఆ అంకె పూర్తయింది. సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం 1,200 మందిని ట్రుక్ దీవులకు తరలించింది. 1946 జనవరి 31న తిరిగొచ్చింది 737 మందే. స్వాతంత్య్ర దినానికి ఆ తేదీనే ఎంచుకోవడంలో అర్థం అదీ. 1,500 అంకెను మళ్లీ అందుకోవడానికి 1949 దాకా పట్టింది. ‘మీరెంతమంది గనక!’ అన్న మాట పడడం ఎలా ఉంటుందో బరంపురం, బళ్లారి, హోసూరు తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అలాంటి చోట మార్కస్ స్టీఫెన్ పుట్టాడు. 1990లో ఆక్లాండ్ కామన్వెల్త్ క్రీడల్లో నౌరూ తొలిసారి అడుగుపెట్టింది. ఇరవయ్యేళ్ల స్టీఫెన్ వెయిట్‌లిఫ్టింగ్‌లో ఒక స్వర్ణం, రెండు రజతాలు పట్టుకుపోయాడు. మరి ఒలింపిక్స్? అక్కడ తలుపు మూసే ఉంది. అప్పటికి నౌరూకు ఒలింపిక్ సంఘం గుర్తింపు లేదు. 1992 బార్సిలోనాలో అతగాడు సమోవా పౌరసత్వం తీసుకుని ఆ దేశం పేరు మీద బరువులెత్తాల్సి వచ్చింది. సొంత దేశం ఉండీ పక్క దేశం బనియన్ వేసుకోవడం! 1994లో గుర్తింపు వచ్చింది. 1996 అట్లాంటాకు ముగ్గురు లిఫ్టర్లతో నౌరూ సొంత జెండా కింద వెళ్లింది. ఆ ముగ్గురిలో స్టీఫెన్ ఒకడు. 1990 నుంచి 1998 వరకు కామన్వెల్త్ క్రీడల్లో అతను కూడబెట్టిన స్వర్ణాలు ఏడు. తర్వాత 2007 డిసెంబరు నుంచి 2011 నవంబరు దాకా దేశాధ్యక్షుడిగా పనిచేశాడు.

వెయిట్‌లిఫ్టింగే ఎందుకంటే, దానికి ఓ రేకుల షెడ్డు, ఇనుప కడ్డీ, బిళ్లలు, దగ్గరుండి నేర్పే మనిషి చాలు. పెద్ద మైదానం అక్కర్లేదు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరిని 2000 సిడ్నీలో కాంస్యం దాకా తీసుకెళ్లిన ఆట ఇదే. ఆ ఒలింపిక్స్‌లో వంద కోట్ల భారతానికి దక్కిన పతకం ఆ ఒక్కటే. అదే సిడ్నీలో స్టీఫెన్ కూడా బరువులెత్తాడు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ సంగతి చూడండి. 69 కిలోల తరగతిలో బరంపురం కుర్రాడు కాటులు రవికుమార్ స్వర్ణం గెలిచాడు. దాని పై తరగతి, 77 కిలోల్లో స్వర్ణం నౌరూవాడు యుకియో పీటర్‌ది. 101 పతకాలు గెలిచిన ఆతిథ్య దేశం గడ్డ మీద ఆ చుక్కంత దీవి జాతీయ గీతం మోగింది. అప్పుడు నవ్వినవాళ్లు లేరు.

ఇప్పుడా తలుపే సన్నబడుతోంది. రియోలో 260గా ఉన్న ఒలింపిక్ వెయిట్‌లిఫ్టర్ల కోటా టోక్యోకు 196 అయింది, పారిస్‌కు 120కి పడిపోయింది. డోపింగ్ కుంభకోణాలు, అంతర్జాతీయ సమాఖ్యలో అక్రమాలు బయటపడ్డాక పడ్డ కోత ఇది. మందులు మింగి గెలిచేవాళ్లను వెళ్లగొట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ దెబ్బ ఎవరికి ఎక్కువ తగిలిందో చూడాలి కదా! పెద్ద దేశం పదిమంది బదులు ఆరుగురిని పంపుతుంది. ఒక్కరినే పంపగలిగే దేశానికి ఆ ఒక్కటీ పోతే మిగిలేది సున్నా. టోక్యోలో నాన్సీ అబూకే నౌరూ తరఫున బరువులెత్తింది. పారిస్‌లో నౌరూ లిఫ్టరే లేదు. ‘ఉత్తములే రావాలి, దయతలిచి పిలిస్తే స్థాయి పడిపోతుంది’ అనేవాళ్లున్నారు. పతకం ఊరికే ఇమ్మని ఎవరడిగారు? గుమ్మంలోకి రానిమ్మనే కదా!

రానివ్వకపోతే ఏమవుతుందన్నదానికి జవాబు కూడా కళ్లముందే ఉంది. 2018 గోల్డ్‌కోస్ట్‌లో నౌరూకు రజతం తెచ్చిన చరిష్మా అమో-టారంట్ టోక్యో ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా జట్టులో కనబడింది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. వసతులూ అవకాశమూ ఎక్కడుంటే అక్కడికి పోవడం సహజం. స్టీఫెన్ సమోవాకు వెళ్లింది తలుపు తెరుచుకోక. అది తెరుచుకున్న పాతికేళ్లకు మళ్లీ అదే కథ. అయినా నౌరూలో ఆట చచ్చిపోలేదు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో మాక్సిమినా యుయెపా 76 కిలోల్లో కాంస్యం గెలిచింది.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు దక్కాయి. స్టేడియాలు, హోటళ్లు, మెట్రోల లెక్కలు చాలానే వినబడతాయి. వాటితోపాటు చేయాల్సిన చిన్న పనొకటుంది. ఇద్దరు ముగ్గురితో వచ్చే దీవి జట్లను నెల ముందే పిలిచి, మన లిఫ్టర్ల పక్కనే సాధనకు కడ్డీ, బిళ్లలు, చోటు ఇవ్వడం. దానికి కోట్లు అక్కర్లేదు. ఢిల్లీలో నౌరూ గీతం విన్న దేశం ఆ మాత్రం చేయొచ్చు.