కంప్యూటర్ చచ్చిపోలేదు, దారి తప్పింది అంతే

పాకాల హాస్టల్ నుంచి రాస్తా ఉన్నాం. పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మా దగ్గర ఒక పాత కంప్యూటర్ ఉంది. స్కాలర్‌షిప్‌కి అప్లై చేసే టైంలో ఆన్ చేస్తే నల్ల తెర మీద ఆపరేటింగ్ సిస్టం లేదని ఇంగ్లీషులో వచ్చి ఆగిపోయింది. "అది పోయింది, పాత సామాన్లకి వేసేయండి" అన్నారు. మేమూ నమ్మేసినాం. నెట్ సెంటర్‌లో డబ్బులు కట్టి అప్లై చేసుకున్నాం. వారం తర్వాత ఒక సీనియర్ అన్న వచ్చి, వెనక ఎవరో మర్చిపోయిన పెన్‌డ్రైవ్ పీకి మళ్లీ ఆన్ చేసినాడు. విండోస్ వచ్చేసింది. మాకు సిగ్గేసింది.

అసలు జరిగేది ఇది. స్విచ్ వేయగానే మొదట లేచేది విండోస్ కాదు, మదర్‌బోర్డు చిప్‌లో ఉండే బయోస్. దాని దగ్గర ఒక వరస ఉంటుంది: సీడీ, పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్క్ అని. వరసలో ముందున్న డ్రైవ్‌లో మొదటి 512 బైట్లు చదువుతుంది. చివర 55, ఏఏ అనే గుర్తు ఉంటే పెత్తనం దానికి ఇచ్చేస్తుంది. గుర్తు ఉందా అని చూస్తుందే గానీ లోపల సరుకు ఉందా అని చూడదు. మా పెన్‌డ్రైవ్‌లో గుర్తు ఉంది, సిస్టం లేదు. బండి అక్కడే నిలబడిపోయింది. మన పాకాల జంక్షన్‌లో కాట్పాడికి పోవాల్సిన రైలుని ధర్మవరం లైన్లోకి వదిలితే తప్పు ఇంజనుదా?

1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీ ముందు ఫ్లాపీనే వెతికేది. తర్వాత్తర్వాత వరస మార్చుకునే వీలు వచ్చింది. మనం పెట్టిన వరసని బోర్డు మీద ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కాపాడుతుంది. అది అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, వరస కూడా కంపెనీ పెట్టిన పాతదానికే పోవచ్చు.

అందుకే మా మాట: పారేసే ముందు మూడు చూడండి. పెన్‌డ్రైవ్‌లు, సీడీలు తీసేయండి. తేదీ సరిగ్గా ఉందా చూడండి. ఆన్ చేయగానే డెల్ గానీ ఎఫ్2 గానీ నొక్కి (కంపెనీని బట్టి మారుతుంది) బూట్ వరసలో హార్డ్ డిస్క్‌ని ముందు పెట్టండి. వరస మారిస్తే ఫైళ్లు పోవు. తెలియని మిగతా సెట్టింగులు మాత్రం ముట్టుకోవద్దు. హార్డ్ డిస్క్ పేరే కనపడకపోతే అప్పుడు కేబులో, డిస్కో చెడిందని అనుకోవాలి.

మాలో చాలామంది ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్లం. "ముట్టుకుంటే చెడిపోతుంది" అని చెప్పినోళ్లే గానీ, ఎట్ల పనిచేస్తుందో చెప్పినోళ్లు లేరు. ఆ భయానికి మనం డబ్బులు కడతా ఉన్నాం. ప్రతి హాస్టల్లో కనీసం ఇద్దరికి ఈ పని రావాలి. మీ దగ్గర మూలన పడిన పెట్టె ఉంటే ఈ ఆదివారం ఒకసారి ఆన్ చేసి, ఏం వచ్చిందో కింద రాయండి.