ఒక రోజు, ఒక స్టేషను

ఒక్క రోజు సెలవు దొరికి ఒంటరిగా రైలెక్కదలచినవారు, ఎన్ని చోట్లు చూడవచ్చునా అని లెక్కవేయడం సహజం. కలకత్తా వెళ్ళినప్పుడు నేనూ అంతే. హౌరాలో బాండెల్ లోకల్ ఎక్కితే డేనులు ఏలిన శ్రీరాంపూర్, ఫ్రెంచివారి చందర్‌నగర్, డచ్చివారి చిన్సురా ఒకే దారిలో వస్తాయి. చివరకు శ్రీరాంపూర్‌కు మాత్రమే టిక్కెట్టు కొన్నాను. దూరం సుమారు 20 కిలోమీటర్లు.

అనువాదకుడిగా నాకక్కడ పని ఉన్నది. విలియం కేరీ, ఆయన సహచరులు 1800లో నెలకొల్పిన ముద్రణాలయం 1812 మార్చిలో అగ్నికి ఆహుతి అయింది. ఏళ్ళ తరబడి వ్రాసిన ప్రతులు బూడిదయినవి. అచ్చక్షరాలు కరిగి ముద్దలయినవి. కేరీ పోయినవాటిని మళ్ళీ వ్రాయడానికి కూర్చున్నాడు. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం అక్కడే అచ్చయింది.

హుగ్లీ ఒడ్డున, ఆయన సహచరులతో కలిసి స్థాపించిన కళాశాల దగ్గర చాలసేపు నిలబడ్డాను. తోడెవరైనా ఉంటే 'ఇక పోదామా?' అనేవారే. వానకు తడిసి చెడిన నా అనువాదమొకటి ఇంట్లో ఉన్నది. మళ్ళీ వ్రాయడానికి మనసొప్పక ఏడాదిగా దానిని ముట్టలేదు.

ఒంటరి ప్రయాణానికి ఊరు ఎంచుకొనేటప్పుడు దూరమూ, రైలు వేళలూ చూసుకోవలసిందే. అక్కడ మనకేమి పని అన్నది అంతకంటె ముందు తేల్చుకోవాలి. సాయంత్రం తిరుగు బండిలో, టిక్కెట్టు వెనుకనే, మొదటి వాక్యం వ్రాసుకున్నాను.