తొలగింపులో మిగలాల్సిన వాక్యం
ప్రోగ్రాము ఏ తీరుగా పనిచేయాలో చెప్పడానికి కమాండ్ పక్కన చేర్చే సూచనను ఆప్షన్ అంటారు. అది రద్దయ్యాక కూడా మాన్యువల్‌లో కొనసాగితే కొత్తగా నేర్చుకునేవారు దాన్ని నమ్మి ఇబ్బంది పడతారు కనుక తొలగించడమే సబబు, అందులో తర్జనభర్జన అక్కర్లేదు. చిక్కంతా ఎంతమేరకు తొలగించాలన్న దగ్గరే వస్తుంది. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పంక్తులను క్రమంలో పేర్చే సార్ట్ కమాండ్‌కు పాత పద్ధతిలో ‘ప్లస్ 1’ అని రాస్తే ప్రతి పంక్తిలో రెండో గడి నుంచి పోల్చమని అర్థం, ఎందుకంటే అక్కడ లెక్క సున్నాతో మొదలయ్యేది. అదే పనికి కొత్త పద్ధతిలో ‘మైనస్ కె 2’ అని రాయాలి. యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ తన 2001 కూర్పులో పాత రాతను పక్కన పెట్టింది కాబట్టి, ఆ కూర్పును తు.చ. తప్పక పాటించే యంత్రం ‘ప్లస్ 1’ను ఫైలు పేరుగా భావించి, అలాంటి ఫైలు లేదంటుంది. స్క్రిప్టులో, అంటే కమాండ్లను వరుసగా రాసిపెట్టిన ఫైలులో, ఈ రాత ఎదురైనవారికి మాన్యువల్‌లో దాని ఆనవాలే దొరకకపోతే, అంకెను అలాగే ఉంచి ‘మైనస్ కె 1’ అని దిద్దేస్తారు. ఆపై తప్పు గడి ప్రకారం పేర్పు జరుగుతుంది, యంత్రం మాత్రం కిమ్మనదు. ఉదాహరణలన్నిటినీ మార్చేసినా, పాత అంకెకు ఒకటి కలపాలని చెప్పే ఆ ఒక్క వాక్యాన్ని యూనిక్స్ తరహా కమాండ్లను అందించే గ్నూ ప్రాజెక్టు మాన్యువల్‌లో లాగా విడిగా నిలపడమే సరైన సంపాదకత్వం.