బీరువా అడుగున పడుకున్న డబ్బు

ఏ ఇంట్లోనైనా బీరువా లోపలి అర లాగి చూడండి. పట్టుచీరల కింద ఓ చిన్న డబ్బా ఉంటుంది. అందులో అమ్మమ్మ ఇచ్చిన రాణి బొమ్మ రూపాయలు, గృహప్రవేశాల్లో వచ్చిన లక్ష్మీదేవి వెండి బిళ్ళలు, అమెరికా నుంచి అబ్బాయి వచ్చినప్పుడు మిగిలిన డాలర్లు, కువైట్ వెళ్ళొచ్చిన చెల్లెలు చేతిలో పెట్టిన దీనార్లు! "ఉండనీ, ఎక్కడికి పోతాయి?" అనుకుంటాం. పోతాయండీ. డబ్బా కదలకుండానే పోతాయి.

కువైట్ సంగతే చూడండి. అక్కడి ఐదో వరస నోట్లు 2015లోనే చెలామణీ నుంచి పోయాయి. వాటిని మార్చుకోవడానికి అక్కడి సెంట్రల్ బ్యాంకు ఇచ్చిన గడువు కూడా 2025 ఏప్రిల్‌తో ముగిసింది. ఒక్క దీనారంటే 250 రూపాయల పైమాటే. కడప నుంచి, కోనసీమ నుంచి వెళ్ళి పరాయి ఇళ్ళల్లో చాకిరీ చేసి దాచుకున్న ఆడదానికి అది చిన్న సంగతా?

అందుకే విదేశీ నోట్లు దాచుకునే వస్తువులు కావంటాను. పైగా మన నిబంధనల ప్రకారం విదేశం వెళ్ళొచ్చినవాళ్ళు 2000 డాలర్ల విలువ దాకానే నోట్లు ఉంచుకోవచ్చు. మించినవి 180 రోజుల్లోగా మార్చేయాలి. రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్నచోటే మార్చండి, రసీదు అడిగి తీసుకోండి. చిల్లర నాణేలు సాధారణంగా తీసుకోరు. ఆ దేశం వెళ్ళేవాళ్ళ చేతిలో పెట్టడమే మేలు.

ఇక వెండి. విక్టోరియా రాణి, అయిదో జార్జి రూపాయలు సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. నూటికి దాదాపు 92 పాళ్ళు వెండే. 1940 నుంచి వెండి సగానికి తగ్గింది. 1947 రూపాయి అయితే వట్టి నికెల్, అయస్కాంతానికి ఠక్కున అతుక్కుంటుంది. అలాగని అతుక్కోనిదల్లా వెండి కాదు సుమండీ! జర్మన్ సిల్వర్‌లో వెండి వీసమెత్తు ఉండదు, అదీ మామూలుగా అతుక్కోదు. కాబట్టి బరువు చూడాలి, కొత్తవి కొంటే స్వచ్ఛత అంకె వేసిన బిల్లు అడగాలి. వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. 2025 సెప్టెంబరు నుంచి హాల్‌మార్క్ వేసిన వెండి వస్తువుల మీద ఆరు అక్షరాల సంఖ్య ఉంటోంది. బీఐఎస్ కేర్ యాప్‌లో దాన్ని మనమే సరిచూసుకోవచ్చు.

"ప్రేమగా ఇచ్చినదాన్ని పరీక్షిస్తామా?" అంటుంది మా ఆడపడుచు. ఎందుకు పరీక్షించకూడదు? బెండకాయ తుంచి చూసి కొంటాం, పాలు చిక్కగా లేకపోతే నిలదీస్తాం. వెండి దగ్గరకొచ్చేసరికే మొహమాటం! ఇచ్చినవాళ్ళనీ కొట్టువాడు మోసం చేసి ఉండొచ్చుగా?

అసలు బాధ అది కాదు. నోట్లు మార్చేది ఆయన, వెండి అమ్మేది మరిదిగారు, తూచేది కొట్టతను. మనం గుమ్మంలో నిలబడి "ఎంతొచ్చింది?" అని అడుగుతాం. పెళ్ళిలో అమ్మాయికి ఇచ్చింది ఆమె సొంతమేనని 1985లోనే ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సొంతమైనదాని విలువే మనకి తెలియకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోదూ?

ఈ ఆదివారం ఆ డబ్బా దించండి. ఏది ఎంతో ఓ కాగితం మీద రాసుకోండి. తూకం వేసేటప్పుడు త్రాసు మీద మన కన్ను కూడా ఉండాలి. ఏమంటారు?