కంఠస్థం చాలదు, జిజ్ఞాస కావలెను: ఇంటర్మీడియట్‌లో దర్శనాధ్యయనం



ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియట్ ప్రథమ సంవత్సర విద్యార్థి ‘నైతికత, మానవ విలువలు’ అనే పరీక్ష రాయవలసి ఉన్నది. అందులో ఉత్తీర్ణత తప్పనిసరి. ఆ మార్కులు మాత్రం మొత్తంలో కలవవు. ధర్మం అవసరమే గాని దానికి విలువ లేదని పదహారేండ్ల బాలునికి విద్యావ్యవస్థ నేర్పుతున్న తొలి పాఠం ఇది. ఒక పూటతో ముగిసే ఈ తంతును నైతిక విద్య అనడం విద్యకూ నీతికీ కూడా అపచారమే.

దీనికి ఆస్తికలోకం సూచించే చికిత్స ఒక్కటే: విద్యార్థుల చేత గీతాశ్లోకాలు కంఠస్థం చేయించడం. ఉద్దేశం శ్రేష్ఠమే, కాని చికిత్స అసంపూర్ణం. ఇంటర్మీడియట్‌లో సంస్కృతానికి పట్టిన గతి కళ్ళెదుటనే ఉన్నది. మార్కులు సులభంగా వస్తాయన్న ఒక్క కారణంతో వేలాదిమంది దానిని ద్వితీయ భాషగా స్వీకరిస్తారు, సమాధానాలు తెలుగులోనో ఆంగ్లంలోనో రాస్తారు, పరీక్ష మరునాడే మరచిపోతారు. గీత కూడా ఆ పట్టికలో చేరితే లభించేది జ్ఞానం కాదు, మరికొన్ని మార్కులు మాత్రమే.

పారాయణకు గృహం ఉన్నది, దేవాలయం ఉన్నది. తరగతి గది విచారస్థానం. ప్రణిపాతం, సేవలతో పాటు పరిప్రశ్నను జ్ఞానసాధనంగా గీత నాలుగవ అధ్యాయమే విధించింది. సర్వోపదేశం ముగిసిన తరువాత కూడా భగవానుడు అర్జునుని బాగుగా విమర్శించి తన ఇచ్ఛానుసారం చేయమన్నాడే గాని అప్పజెప్పమనలేదు. నచికేతుడు బాలుడే. యముడు భోగాలను ఎదుట పరచినా మరణానంతరం ఏమున్నదన్న ప్రశ్నను అతడు విడువలేదు.

ఈ విచారం ఎంత ప్రాణావసరమో గోరంట్ల వంటి సీమను చూస్తే బోధపడుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ ఎండినా, బోరు అడుగంటినా, అప్పు పెరిగినా, కుటుంబం బెంగళూరుకు వలసపోయినా అక్కడ వినిపించే మాట ఒక్కటే: ‘మా ఖర్మ’. శాస్త్రంలోని కర్మ వేరు, వీధిలోని ఖర్మ వేరు. సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని శాస్త్రం విభజించినప్పుడు ఆగామి నేటి కర్తవ్యంపై ఆధారపడి ఉన్నదన్న ధైర్యం అందులో ఉన్నది. యోగవాసిష్ఠం ముముక్షు ప్రకరణంలో దైవవాదాన్ని నిరాకరించి పౌరుషాన్ని ప్రతిష్ఠించింది. బౌద్ధులు కర్మను చేతన అన్నారు. జైనులు జీవుని అంటుకొనే సూక్ష్మద్రవ్యమన్నారు. చార్వాకులు అదృష్టమనే భావననే త్రోసిపుచ్చారు. ఈ భేదాలు తెలిసిన విద్యార్థి ఒక ప్రశ్న వేయగలడు: పొరుగువాని బోరు ఎండితే అది వాని పూర్వజన్మ పాపమని చేతులు దులుపుకోవడం వేదాంతమా, నిర్దయయా? ఆ ప్రశ్న వేయడం నేర్పని చదువు ఆ పల్లెలకు చేసే మేలు స్వల్పం.

ఆ నేలకు విచారం పరాయిది కాదు. గోరంట్ల మాధవరాయ ఆలయం విజయనగర కాలపుది. ఆ సామ్రాజ్య యుగంలోనే వెలసిన ‘సర్వదర్శన సంగ్రహం’ చార్వాక మతంతో ఆరంభమై ఒక్కొక్క దర్శనాన్నీ దాని యుక్తులతోనే వివరించింది. ఆచారాలను నిలదీసిన యోగి వేమన సమాధి కదిరి ప్రాంతపు కటారుపల్లిలోనే ఉన్నది.

రాజ్యాంగం అడ్డు వస్తుందన్నది మొదటి ఆక్షేపణ. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే సంస్థలలో 28వ అధికరణం మతబోధను నిషేధించిన మాట సత్యం. అయితే మతబోధ వేరు, మతాలను గూర్చిన అధ్యయనం వేరు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ భేదాన్ని అంగీకరించింది. అంతకు ఎంతో ముందే, 1948–49 నాటి విశ్వవిద్యాలయ విద్యా సంఘం డిగ్రీ విద్యార్థులకు మొదట బుద్ధుడు, సోక్రటీసు, ఏసు, శంకరుడు, మహమ్మదు, నానకు వంటి మహాత్ముల జీవితాలను, పిదప మతగ్రంథాలలోని సార్వజనీన భాగాలను, చివరకు మతతత్త్వశాస్త్ర సమస్యలను బోధించాలన్నది. దాని అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్. గోరంట్లకు సమీపంలోని పుట్టపర్తిలో 1981లో ఏర్పడిన సత్యసాయి విశ్వవిద్యాలయం ఆధ్యాత్మిక విద్యను పాఠ్యక్రమంలో భాగం చేసింది. అక్కడికి చేరలేని ప్రభుత్వ జూనియర్ కళాశాల విద్యార్థికి ఆ విచారభాగ్యం ఎందుకు ఉండరాదు?

ర్యాంకుల వేటలో దీనికి సమయమెక్కడిదన్నది రెండవ ఆక్షేపణ. ఫ్రాన్సులో విజ్ఞానశాస్త్రం చదివేవారు కూడా పాఠశాల అంతిమ సంవత్సరంలో నాలుగు గంటల తత్త్వశాస్త్ర పరీక్ష రాస్తారు. ఇంగ్లండులో మతం, తత్త్వం, నీతి కలిసిన ఎ-లెవెల్ విషయం ఉన్నది. వారి ఇంజినీర్లకూ వైద్యులకూ దానివల్ల లోటు కలిగిందా?

మూడవ ఆక్షేపణ భక్తులదే: చార్వాకాన్నీ పరమతాలనూ చదివితే పిల్లల శ్రద్ధ చలిస్తుందని. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యపు తర్కపాదంలో సాంఖ్య, వైశేషిక, బౌద్ధ, జైన పక్షాలను ముందు నిలిపి, ఆ తరువాతనే ఖండించారు. పూర్వపక్షం వినని సిద్ధాంతం సిద్ధాంతం కానేరదు. ప్రశ్నకు చలించేది శ్రద్ధ కాదు, అలవాటు.

కావలసినది స్పష్టం: రెండేండ్లూ సాగే, మార్కులు మొత్తంలో కలిసే దర్శన–నీతి అధ్యయనం, శిక్షణ పొందిన అధ్యాపకుడు, విద్యార్థి విశ్వాసాన్ని గాక వివేచనను పరీక్షించే ప్రశ్నపత్రం. గీతను బడిలో నిలపాలని కోరేవారు ముందుగా అర్జునునికి అక్కడ చోటివ్వాలి. ప్రశ్నించే శిష్యుడు లేనిచోట గీత పలకదు.