ఫీజుల పోటీలు చాలు, ఊరి పోటీలు పెట్టండి

ఆర్కిటెక్చర్ విద్యార్థులకు, అధ్యాపకులకు, జిల్లా అధికారులకు ఒక విజ్ఞప్తి

వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం కోసం పెట్టిన బహిరంగ పోటీకి 1981లో 1,421 ఎంట్రీలు వచ్చాయి. వాటిని వరసగా పెట్టి చూడటానికి వైమానిక స్థావరంలో విమానాలు నిలిపే షెడ్డు కావలసి వచ్చింది. ఏ షీటు మీదా పేరు లేదు, నంబరు మాత్రమే ఉంది. న్యాయనిర్ణేతలు ఎనిమిది మందీ ఏకాభిప్రాయంతో 1026వ నంబరును ఎంపిక చేశారు. తీరా చూస్తే అది యేల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 21 ఏళ్ల అమ్మాయి, మాయా లిన్‌ది. క్లాసు పనిగా మొదలైన ఆ డిజైన్‌కు క్లాసులో వచ్చింది ‘బి’ గ్రేడు. ఆమె పంపినవి పేస్టెల్ రంగులతో వేసిన బొమ్మలు, చేత్తో రాసిన వివరణ, అంతే.

విగ్రహం లేదు, స్తంభం లేదు, నల్లరాతి గోడ మీద పేర్లేనా అని పెద్ద గొడవ జరిగింది. దగ్గర్లో సైనికుల విగ్రహాలు పెట్టడానికి ఒప్పుకున్నాక గానీ అది చల్లారలేదు. గోడ మాత్రం ఆమె గీసినట్టే 1982 నవంబరుకల్లా లేచింది. దానికి వాడిన నల్ల గ్రానైటు బెంగళూరు ప్రాంతం నుంచి వెళ్లింది.

ఒక విద్యార్థిని కాగితం కట్టడం కావడానికి ఆమె ప్రతిభ ఒక్కటే చాల్లేదు. పేరు చూడకుండా తీర్పు చెప్పారు. చెప్పినవాళ్లు ఆ విద్య తెలిసినవాళ్లు. గెలిచాక నువ్వు చిన్నదానివంటూ పక్కన పెట్టలేదు. కూపర్-లెకీ అనే స్థానిక ఆర్కిటెక్టుల సంస్థను తోడిచ్చి, నిర్మాణ డ్రాయింగుల బాధ్యత వాళ్లకు అప్పగించారు. మన దగ్గర విద్యార్థుల పోటీలకు కొదవలేదు. కొరవడింది ఈ ఏర్పాటే.

జాతీయ ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంఘం ‘నాసా’ 1957 నుంచి ఉంది. అది ఏటా నడిపే పోటీల్లో లూయీ కాన్ ట్రోఫీ ఒకటి. ఆ ఎంట్రీ కోసం పిల్లలు పాత కట్టడాల దగ్గరికి టేపులు పట్టుకుని వెళ్తారు. గోడ మందం, తలుపు చెక్కడం, దూలం కొలత తీసుకుని కాగితం మీదికి ఎక్కిస్తారు. కట్టడం ఎలా నిలబడిందో ఆ కొలతల్లోనే వాళ్లకు తెలుస్తుంది. 2020లో మొదలైన సోలార్ డెకాథ్లాన్ ఇండియా ఇంకో మంచి ఉదాహరణ. అందులో ఆర్కిటెక్చర్, ఇంజినీరింగ్ విద్యార్థులు కలిసి జట్టు కడతారు. నిజంగా కట్టబోయే ప్రాజెక్టును తీసుకుని, వాడే కరెంటుకు సరిపడా తానే తయారుచేసుకునే భవనాన్ని డిజైన్ చేస్తారు. యజమాని ఉంటాడు, స్థలం ఉంటుంది, బడ్జెట్ ఉంటుంది.

వీటి పక్కనే ఇంకో రకం పుట్టుకొచ్చింది. అంగారకుడి మీద ఊరు, సముద్రం అడుగున మ్యూజియం, ఎడారిలో ధ్యానమందిరం. స్థలం ఊహ, యజమాని ఊహ. నిజమైనది ఎంట్రీ ఫీజొక్కటే. అదీ విమాన టికెట్టులా ముందు కడితే ఒక ధర, చివరి వారంలో కడితే ఇంకో ధర. ప్రైజులు ముగ్గురికి, ‘ఆనరబుల్ మెన్షన్’ సర్టిఫికెట్లు బోలెడు మందికి. ఓడినవాళ్ల షీటులో లోపమేమిటో చెప్పే నాథుడుండడు. నిబంధనల అడుగున చిన్న అక్షరాల్లో, పంపిన డిజైన్ మీద హక్కులన్నీ నిర్వాహకులవేనని ఉంటుంది. సెమిస్టర్ జ్యూరీకి షీట్లు, మోడల్ సిద్ధం చేసుకుంటూనే పిల్లలు రాత్రుళ్లు మేలుకుని ఈ ఎంట్రీలు పూర్తిచేస్తున్నారు. పోర్ట్‌ఫోలియోలో ఒక వరస పెరుగుతుందన్న ఆశే కారణం.

పెద్దవాళ్ల పోటీలూ ఎప్పుడూ సవ్యంగా నడవలేదు. అమరావతి ప్రభుత్వ భవనాల సముదాయానికి 2016లో జపాన్ ఆర్కిటెక్టు ఫుమిహికో మాకి సంస్థను పోటీ ద్వారానే ఎంచుకున్నారు. కొద్ది నెలలకే ఆ ఎంపిక పక్కకు పోయి, నార్మన్ ఫోస్టర్ సంస్థ వచ్చింది. ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న మాకి గెలుపుకే పూచీ లేకపోతే మూడో సంవత్సరం విద్యార్థి గెలుపుకు ఎవరు పూచీ? అలాగని ఈ దేశంలో పోటీ పెట్టి కట్టడం చేతకాదనీ అనలేం. ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర జాతీయ యుద్ధ స్మారకానికి బహిరంగ పోటీ పెడితే 427 ఎంట్రీలు వచ్చాయి. చెన్నైకి చెందిన వెబీ డిజైన్ ల్యాబ్ డిజైన్ గెలిచింది, 2019 ఫిబ్రవరిలో స్మారకం ప్రారంభమైంది.

స్మారకాలు, రాజధానులు విద్యార్థులకు ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. అంగన్‌వాడీ ఇవ్వండి.

అంగన్‌వాడీ చూడటానికి చిన్నదే గానీ అక్కడ జరిగే పనులు చాలా. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఆడుకునేది, తినేది, నిద్రపోయేది అక్కడే. బరువు తూచేది అక్కడే. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులు, బాలింతలు మధ్యాహ్నం భోంచేసేదీ అక్కడే. చాలాచోట్ల ఇదంతా ఒకే అద్దె గదిలో సాగుతోంది. ఒక మూల పొయ్యి, దాని పక్కన బియ్యం బస్తాలు, గుడ్ల ట్రేలు, ఎదురుగా చాప మీద పిల్లలు. కిటికీ అడుగు పెద్దవాళ్ల నడుము ఎత్తున ఉంటే మూడేళ్ల పిల్లకు అందులోంచి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. పొగ ఎటు పోవాలి, చేతులు కడుక్కునే కుళాయి ఎంత ఎత్తున ఉండాలి, నిండు గర్భిణి ఎక్కడ కూర్చుని తినాలి అన్నవన్నీ డిజైన్ ప్రశ్నలే.

సర్కారు కట్టడాలకు సాధారణంగా ఒక నమూనా ప్లాను ఉంటుంది. ప్లాను ఒకటైతే ఎస్టిమేట్ ఒకటే, టెండరు సులువు. ఆ సౌకర్యాన్ని కాదనక్కర్లేదు. కానీ శ్రీకాకుళం తీరంలో తుపాను గాలికి, అనంతపురం ఎండకు, ఆదిలాబాద్ చలికి ఒకే గది ఎలా సరిపోతుంది? ఒక్కో వాతావరణ ప్రాంతానికి ఒక్కో నమూనా ప్లానును విద్యార్థుల పోటీ ద్వారా తెప్పించుకోవాలి. గెలిచిన డిజైన్ ఒక్క ఊళ్లో కాదు, ఆ ప్రాంతమంతా కట్టవచ్చు. అంగన్‌వాడీతో మొదలుపెట్టి గ్రంథాలయం, బస్ షెల్టరు, రైతుబజారు దాకా వెళ్లవచ్చు.

నిబంధనలు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. అంతర్జాతీయ పోటీలకు యునెస్కో 1956లోనే ప్రామాణిక నియమావళి ఆమోదించింది. మన ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌కూ పోటీల మార్గదర్శకాలున్నాయి. విద్యార్థుల పోటీలకు ఈ ఆరు నియమాలు చాలు:

1. ఎంట్రీ ఫీజు ఉండకూడదు. షీటు మీద పేరు, కాలేజీ పేరు ఉండకూడదు.

2. న్యాయనిర్ణేతల్లో ఎక్కువ మంది ఆర్కిటెక్టులు కావాలి. అంగన్‌వాడీ పోటీ అయితే ఒక అంగన్‌వాడీ టీచరు తప్పకుండా ఉండాలి.

3. తొలి దశకు ఒక్క షీటు, ఒక పేజీ వివరణ చాలు. రెండో దశకు వచ్చినవాళ్లు పడే కష్టానికి పారితోషికం ఇవ్వాలి.

4. న్యాయనిర్ణేతల అభిప్రాయాలు అందరికీ అందాలి, ఓడినవాళ్లకు మరీ ముఖ్యంగా.

5. డిజైన్ మీద కాపీరైటు విద్యార్థిదే. 1957 కాపీరైట్ చట్టం కట్టడాల డిజైన్లను కళాకృతులుగానే గుర్తిస్తుంది.

6. గెలిచిన విద్యార్థికి రిజిస్టర్డ్ ఆర్కిటెక్టును తోడివ్వాలి. డ్రాయింగుల మీద సంతకం, సైటు బాధ్యత ఆ ఆర్కిటెక్టువి. పునాది నుంచి సున్నం దాకా సైటుకు వెళ్లే హక్కు విద్యార్థిది.

పిల్లలకు సిమెంటు పాళ్లు తెలియవు, స్లాబు కారితే ఎవరిది పూచీ అని ఇంజినీర్లు అడుగుతారు. అడగాల్సిందే. ఆరో నియమం ఉన్నది అందుకే. పోటీల ధ్యాసలో పడితే చదువు చెడుతుందని అధ్యాపకులు అంటారు. పోటీని స్టూడియోకు, అంటే డిజైన్ క్లాసుకు, అదనంగా మోస్తే చెడుతుంది, స్టూడియోలోనే ఒక ప్రాజెక్టుగా పెట్టి క్రెడిట్లు ఇస్తే చెడదు. మాయా లిన్ గోడ మొదలైందీ క్లాసు పనిగానే. వంద మంది పనిచేస్తే ఒక్కరిదే కదా కట్టేది, మిగతావాళ్ల శ్రమ వృథా కాదా అన్న ప్రశ్నకు జవాబు మూడో నియమంలో, నాలుగో నియమంలో ఉంది.

హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం విభాగం ఉంది. ఈ మూడుచోట్ల పాఠ్య సంఘాలు వచ్చే సెమిస్టర్ స్టూడియో ప్రాజెక్టును ఖరారు చేసేముందు తమ జిల్లా కలెక్టరుకు ఒక ఉత్తరం రాయాలి. ఈ ఏడాది జిల్లాలో కట్టబోయే అంగన్‌వాడీల జాబితా, ఒక స్థలం సర్వే డ్రాయింగు, కేటాయించిన సొమ్ము వివరాలు అందులో అడగాలి. విద్యార్థి సంఘాలు ఆ ఉత్తరం నకలును నోటీసు బోర్డు మీద పెట్టి, జవాబు వచ్చేదాకా కలెక్టరేట్‌కు తిరగాలి. ఇక ఫీజు కట్టమనే పోటీ ప్రకటన కనపడిన ప్రతిసారీ విద్యార్థులు డబ్బు పంపకముందే నిర్వాహకులను రాతపూర్వకంగా మూడు ప్రశ్నలు అడగాలి. న్యాయనిర్ణేతలు ఎవరు? కాపీరైటు ఎవరిది? గెలిచింది ఎక్కడ కడతారు?