రాకెట్ చూడవచ్చేవారు, వేట మానుకొనేవారు

శ్రీహరికోట నుండి రాకెట్ ఎగిరే రోజున సూళ్లూరుపేట దారులు జనంతో నిండిపోతాయి. 2019లో అక్కడ ప్రారంభమైన వీక్షణ ప్రాంగణంలో సుమారు 5000 మందికి చోటుంది. అయితే ముందుగా అంతర్జాలంలో పేరు నమోదు చేసుకోవాలి. ఆ అవకాశం దక్కనివారికి, పాతవారు ప్రళయకావేరి అని పిలిచే పులికాట్ సరస్సు పడమటి గట్టే దిక్కు. నిజానికి అది తీసిపోయిన చోటేమీ కాదు. ఎదుట విశాలమైన నీరే తప్ప మేడలు అడ్డురావు. సాయంకాలపు ప్రయోగమైతే సూర్యుడు వీపు వెనుక ఉంటాడు. ఉదయమైతే కళ్లలో పడతాడు. సూళ్లూరుపేట వద్ద మంట కనిపించిన నిమిషానికి పైగా గడిచాక గాని గర్జన వినిపించదు. ధ్రువకక్ష్యకు వెళ్లే పి.ఎస్.ఎల్.వి. శ్రీలంకను తప్పించుకొనేందుకు తొలుత ఆగ్నేయంగా సాగి, పిదప దక్షిణానికి మళ్లుతుంది. కనుక తమిళనాడు వైపున్న పళవేర్కాడు వాసులకు అది తమ తూర్పు ఆకాశంలోనే సాగిపోతుంది.

ఈ వేడుకకు మూల్యం చెల్లించేవి మాత్రం తీరపు పల్లెలే. ప్రయోగదినాన జాలరులు సముద్రంలోకి వెళ్లరాదు. ప్రయోగం వాయిదా పడితే మరొక రోజు వేట కూడా పోతుంది. ప్రాణరక్షణకై విధించిన ఆ నిషేధాన్ని కాదనలేము. పోయిన రాబడి మాటేమిటన్నది కేంద్రమూ, రెండు రాష్ట్రాలూ కలిసి తేల్చవలసిన విషయం. కనీసం ప్రయోగవేళ, వాయిదా కబురు తెలుగులోనూ తమిళంలోనూ సకాలంలో ప్రతి రేవుకూ చేరాలి. గట్టున వాహనాలకు చోటు చూపే పని, మంచినీరు అందించే పని ఈ పల్లెల యువకులకే అప్పగిస్తే, పడవలు కట్టివేసిన నాటి కూలి కొంతైనా దక్కుతుంది.